స్థూలకాయమునకు శస్త్రచికిత్స: ముందు సన్నాహము, తరువాతి సంరక్షణ

బరువు తగ్గుటకై శస్త్రచికిత్స చేయించుకొన నిశ్చయించి వచ్చినవారు మమ్ములను మొదట అడుగు ప్రశ్న, "ఎన్ని కిలోలు తగ్గుదుము?" అని. రెండవది, "ఎన్నాళ్లకు లేచి పనికి పోగలము?" అని. మూడవ ప్రశ్న యొకటి ఉన్నది. దానిని అడుగువారు తక్కువ. "ఇకమీదట మా యింట ఏమి వండవలెను?" అనునదే ఆ ప్రశ్న. మేము శస్త్రవైద్యులము కాము. శస్త్రవైద్యుల ప్రక్క గదిలో కూర్చుండి, రోగులకును వారి యింటివారికిని ఆహారమును గూర్చి చెప్పెడివారము. కత్తి పట్టువారి పని గంట, రెండు గంటలలో ముగియును. ఆసుపత్రిలో ఉండుట రెండు మూడు దినములు. ఆపైని జరుగవలసినదంతయు వంటయింటిలోను, భోజనముల వేళను జరుగవలసినదే. కనుక నేటి ప్రసంగములో శస్త్రచికిత్సను గూర్చి కొద్దిగాను, దాని ముందువెనుకలను గూర్చి విస్తారముగాను మనవి చేయుదుము.

ఈ చికిత్స నిన్నమొన్నటిది కాదు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయమునందు ఎడ్వర్డ్ మేసన్ అను శస్త్రవైద్యుడు, పుండ్ల కారణముగా జీర్ణాశయములో కొంత భాగమును తీసివేయించుకొన్న స్త్రీలు బరువు తగ్గి, మరల లావెక్కకుండుటను గమనించెను. దానినిబట్టి 1966లో ఆయనయు, చికాషి ఇటో అను సహచరుడును కలిసి, జీర్ణాశయమును చిన్నది చేసి నేరుగా ప్రేగునకు కలుపు పద్ధతిని ఆరంభించిరి. నేడు బైపాస్ అని పిలువబడునది దాని సంతతియే. ఇందులో జీర్ణాశయపు పై భాగమున ఇంచుమించు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్న సంచిని వేరు చేసి, చిన్నప్రేగులో కొంత దూరమును దాటించి క్రింది భాగమునకు అతికెదరు. రెండవది స్లీవ్. జీర్ణాశయములో నాలుగింట మూడు వంతులను నిలువుగా తీసివేసి, చొక్కాచేతివలె సన్నని గొట్టమును మిగిల్చెదరు. తీసివేసిన దానిని మరల అతుకుట లేదు. పోయిన ఆ భాగమునుండియే ఆకలిని పుట్టించు ఘ్రెలిన్ అను పదార్థము అధికముగా వెలువడును. దీనిని 1999లో జపాను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కనుక స్లీవ్ చేయించుకొన్నవారికి మొదటి నెలలలో పాత్ర చిన్నదగుటయే కాక, ఆకలి కూడ మందగించును. ఇది వరమువలె కనబడును. ఆకలి లేదని తినుట మానివేయువారికి ఇదియే ఆపద.

ఎవరికి ఈ చికిత్స తగును? బరువును కిలోలలో తీసికొని, ఎత్తును మీటర్లలో తీసికొని, ఆ ఎత్తును ఎత్తుచేతనే హెచ్చించి, దానితో బరువును భాగించినచో ఒక సంఖ్య వచ్చును. బెల్జియము దేశస్థుడగు క్వెట్లే 1832లో చూపిన లెక్క యిది. 160 సెంటీమీటర్ల ఎత్తుగల మనిషి 90 కిలోలు తూగినచో ఈ సంఖ్య 35 దాటును. 1991లో అమెరికా వైద్యులు 40 గాని, జబ్బులతో కూడిన 35 గాని ఉన్నవారికే శస్త్రచికిత్స అని నిర్ణయించిరి. 2022లో అంతర్జాతీయ సంఘములు ఆ హద్దును సడలించినవి. ఆసియావాసులకు తక్కువ బరువుననే మధుమేహము, రక్తపుపోటు దాపురించును గనుక మనవంటివారికి 27.5 నుండియే ఆలోచింపవచ్చునని చెప్పినవి. అయినను సంఖ్య ఒక్కటే చాలదు. మధుమేహము ఉన్నదా, నిద్రలో ఊపిరి ఆగుచున్నదా, మోకాళ్లు నిలువనిచ్చుచున్నవా, కాలేయమునకు క్రొవ్వు పట్టినదా అని వైద్యులు చూచెదరు. పెండ్లిచూపుల నాటికి సన్నబడవలెనని వచ్చువారిని మేము చూచుచునే యున్నాము. వారికిది తగిన త్రోవ కాదు.

ఫలము లేదా యనిన, ఉన్నది. స్వీడను దేశమున 1987లో ఆరంభమైన ఒక పరిశీలనలో 4047 మంది స్థూలకాయులను దాదాపు పదునొకండేండ్లపాటు కనిపెట్టి, 2007లో ఫలితములను ప్రకటించిరి. శస్త్రచికిత్స పొందిన 2010 మందిలో 101 మంది మరణింపగా, పొందని 2037 మందిలో 129 మంది మరణించిరి. అనాడు చేసిన శస్త్రచికిత్సలలో పెక్కు నేడు వాడుకలో లేవు; నేటివి అంతకంటె సురక్షితములు. అనుభవముగల ఆసుపత్రులలో నెల లోపలి మరణములు వేయిమందికి ఒకరు, దానికి అటునిటుగా మాత్రమే. పిత్తాశయమును తీయించుకొనుటకు భయపడనివారు దీనికిని అంతగా భయపడనక్కరలేదు. భయపడవలసినది వేరొక చోట ఉన్నది.

ఇక సన్నాహమును గూర్చి. రక్తపరీక్షలు, గొట్టముతో జీర్ణాశయమును చూచుట, పిత్తాశయములో రాళ్లున్నవేమో చూచుట, గుండె, ఊపిరితిత్తులు, థైరాయిడ్ పరీక్షలు జరుగును. గురకపెట్టువారికి రాత్రి నిద్రను పరీక్షించి, అవసరమైనచో గాలి అందించు యంత్రమును ముందుగానే అలవాటు చేయింతురు. పొగ త్రాగువారు కనీసము ఆరు వారములకు ముందే మానవలెను. మానని వారికి అతుకు మానదు. ఇనుము, బి12, డి విటమినుల లోపము ముందే యున్నచో ముందే దిద్దవలెను. మన స్త్రీలలో రక్తహీనత, శాకాహారులలో బి12 లోపము ఎంత సాధారణములో శ్రోతలకు తెలియనిది కాదు. ఖాళీ గాదెతో కరవులోనికి అడుగు పెట్టుట ఏ రైతుకును తగదు గదా!

మనసును పరిశీలించు వైద్యుని యొద్దకు పంపినప్పుడు కొందరు నొచ్చుకొందురు. "మాకు పిచ్చి యనుకొంటిరా?" అని అడిగినవారును కలరు. ఆ వైద్యుడు వెదకునది పిచ్చిని కాదు. దుఃఖము వచ్చినప్పుడు డబ్బా మూత తీయు అలవాటున్నదా, అర్ధరాత్రి లేచి తిను అలవాటున్నదా, మద్యము ఏ పాటిది, ఇంటిలో ఆదుకొనువారు ఎవరు, ఇవి ఆయన తెలిసికొనవలసినవి. శస్త్రచికిత్స పొట్టను మార్చును గాని ఆ డబ్బాను అటకనుండి దింపి పారవేయదు.

చికిత్సకు ముందు రెండు వారముల పథ్యము ఇచ్చెదము. దినమునకు 800 నుండి 1000 క్యాలరీలు మాత్రమే. అన్నము, చక్కెర, నూనె అణగును. పాలు, మజ్జిగ, కూరల తేట, మాంసకృత్తుల పొడి, ఆకుకూరలు మిగులును. "ఎట్లును ఆపరేషన్ చేయుచుండగా ఈ శిక్ష యెందుకు?" అని అడుగుదురు. కారణము ఇది. కాలేయపు ఎడమ భాగము జీర్ణాశయముపై కప్పుకొని యుండును. క్రొవ్వుపట్టి ఉబ్బిన కాలేయమును ప్రక్కకు ఎత్తి పట్టుట కష్టము. చిరిగి రక్తము కారవచ్చును. ఈ రెండు వారములలో కాలేయము తనలో దాచుకొన్న పిండిపదార్థమును, నీటిని, కొంత క్రొవ్వును వదలుకొని కుదించుకొనును. అనగా ఆ పథ్యము రోగి బరువునకు కాదు, వైద్యుని చేతికి చోటు ఇచ్చుటకు. ఇట్లు చెప్పినచో చాలమంది పాటింతురు. చెప్పకయే చీటీ చేతికిచ్చినచో, శస్త్రచికిత్సకు ముందురోజు వీడ్కోలు విందు చేసికొని వత్తురు! బిర్యానికి వీడ్కోలు, జిలేబికి వీడ్కోలు. వదినగారి యింట ఒకటి, పినతల్లి యింట ఒకటి.

మధుమేహమునకు మందులు వాడువారు ఈ రెండు వారములలో మిక్కిలి జాగ్రత్తగా ఉండవలెను. తిండి సగమునకు తగ్గి మందు అట్లే యున్నచో, చక్కెర పడిపోయి కండ్లు తిరుగును. మోతాదును వైద్యుని అడిగి తగ్గించుకొనవలెను. మూత్రము ద్వారా చక్కెరను పోగొట్టు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలను కనీసము మూడు దినముల ముందే నిలుపవలసి యుండును. ఇన్సులిను తీసికొనువారికి శస్త్రచికిత్సయైన కొద్దిదినములకే, బరువు తగ్గకముందే, మోతాదు తగ్గవచ్చును. వాడు మందులన్నింటి పట్టిక, నాటువైద్యుని పొడులతో సహా, ముందుగానే చూపుట మేలు.

ఈ సన్నాహములో మేము ఎక్కువ కాలము గడపునది రోగితో కాదు, రోగి యింటివారితో. వంట చేయు అమ్మనో అత్తగారినో భార్యనో తప్పక వెంట తీసికొని రమ్మందుము. మన యిండ్లలో ప్రేమకు భాష వడ్డన. కొసరి కొసరి వడ్డింపనిచో అత్తగారికి తృప్తి లేదు. మారు అడుగనిచో వంట బాగుగాలేదని అర్థము. అట్టి యింటికి, నాలుగు చెంచాలు తిని చాలునను మనిషి తిరిగి వచ్చినప్పుడు ఆ తల్లి మనసు ఎట్లుండునో ఊహింపుడు. "నా బిడ్డ ఎండిపోవుచున్నాడు" అని కన్నీరు పెట్టుకొని, దాచి లడ్డు తినిపించిన తల్లిని ఎరుగుదుము. ఆమెను తప్పుపట్టుట మా పని కాదు. ఆ ప్రేమకు వేరొక పని అప్పగించుటయే ఉపాయము. మాత్రలు వేళకు ఇచ్చుట, నీరు త్రాగినదానికి గుర్తు పెట్టుట, సాయంకాలము వెంట నడచుట ఆమెకు ఒప్పగించెదము. లెక్క వ్రాయు తల్లికంటె మంచి నర్సు ఏ ఆసుపత్రిలోను లేదు.

శస్త్రచికిత్స జరిగిన దినముననే లేపి నడిపింతురు. నొప్పిగా నున్నదని పడుకొన్నచో కాళ్లలోని రక్తము గడ్డకట్టి ఊపిరితిత్తులకు ప్రాకు భయము కలదు. పొట్ట చర్మము క్రింద ఇచ్చు చిన్న సూదులు కూడ అందుకొరకే. మొదట నీరు గుటకలుగా త్రాగవలెను. పావుగంటకు 30 మిల్లీలీటర్లు, అనగా గంటకు 120. మేలుకొనియుండు పన్నెండు గంటలలో ఇంచుమించు లీటరున్నర. గ్లాసు ఎత్తి గటగట త్రాగుట ఇక లేదు. ఇంటికి పోయిన తరువాత జ్వరము వచ్చినను, నాడి నిమిషమునకు 120 దాటినను, పొట్టనొప్పి తగ్గక పెరుగుచున్నను, ఎడమ భుజమున నొప్పి తోచినను, పిక్క వాచినను, ఆయాసము పుట్టినను తెల్లవారుదాక ఆగరాదు. కుట్టులోనుండి కారుట మొదలైనదేమో చూడవలసి యుండును. అట్టివి అరుదు, ఆలస్యము చేసిన చోటనే అవి ప్రాణాంతకములగును.

ఆహారము మెట్లు మెట్లుగా నడచును. మొదటి ఒకటి రెండు దినములు నీరు, వడగట్టిన చారు తేట, చక్కెర లేని పలుచని మజ్జిగ తేట. తరువాత రెండు వారములు పాలు, మజ్జిగ, పెసరకట్టు, వడగట్టిన పలుచని రాగిజావ, మాంసకృత్తుల పొడి కలిపిన పాలు. మూడవ వారము మొదలు మెత్తగా రుబ్బినవి: పప్పు, పెరుగు, గిలకొట్టి వండిన గ్రుడ్డు, ముండ్లు తీసి మెదిపిన చేప. అటు తరువాత మెత్తని ఇడ్లీ, సొరకాయ, బీరకాయ. ఆరు, ఎనిమిది వారములకు మామూలు వంట, గాని చిన్న టీకప్పుకు మించదు. మెత్తని అన్నపు ముద్ద, దోసె, చపాతీ కొందరికి గొంతులో అడ్డుపడినట్లుండును, తొందరపడరాదు. ప్రతి ముద్దను ఇరువది ముప్పదిసార్లు నమలవలెను. భోజనముతో నీరు కూడదు; అరగంట ఎడము ఉండవలెను. విస్తరి ముందు కూర్చుండగానే నీళ్ల గ్లాసు కొరకు చేయి చాచు మనకు, అన్నిటికంటె కష్టమైన నియమము ఇదియేనని మా అనుభవము.

ఆ చిన్న టీకప్పులో ఏమి నింపవలెను? మాంసకృత్తులు దినమునకు కనీసము 60 గ్రాములు పడవలెను. లేనిచో శరీరము క్రొవ్వుతోబాటు కండను కూడ కరగించుకొనును; జుట్టు రాలును, నిస్సత్తువ పుట్టును. ఇక్కడ మన భోజనపు లెక్క చూతము. పప్పు తినుచున్నాము గదా యని చాలమంది ధైర్యము. 30 గ్రాముల పచ్చి కందిపప్పులో మాంసకృత్తులు ఆరున్నర గ్రాములు. అదియు ముద్దపప్పుగా తిన్నప్పుడు. పప్పుచారులో పప్పును దీపము పెట్టి వెదకవలసి యుండును. గ్రుడ్డునకు 6 గ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలకు ఆరు, ఏడు. వంద గ్రాముల చేపకు ఇంచుమించు 20. ఏబది గ్రాముల పనీరుకు తొమ్మిది. 30 గ్రాముల ఎండు సోయా ముక్కలకు పదునైదు. మాంసము తిననివారు దినమంతయు జాగ్రత్తగా తినినను మొదటి నెలలలో 60 అందుకొనుట కష్టము. పొడి కలుపుకొనుమని చెప్పుట అందుకే. దానిని వ్యాయామశాల కుఱ్ఱవాండ్ర వస్తువని చులకన చేయరాదు. కప్పులో ముందు పప్పో గ్రుడ్డో చేపయో, తరువాత కూర, చోటు మిగిలినచో అన్నము. మన విస్తరి క్రమమును తలక్రిందులు చేసినట్లే. అన్నము నడుమ నుండి ప్రక్కకు జరిగినది. బైపాస్ అయినవారు తీపి తినినచో, అది వేగముగా ప్రేగులోనికి జారి, గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టుట, విరేచనములు కలుగును. దీనిని డంపింగ్ అందురు. ఒకసారి అనుభవించినవారికి మరల చెప్పనక్కరలేదు.

ఇప్పుడు, భయపడవలసినది వేరొక చోట ఉన్నదంటిమే, ఆ చోటికి వత్తుము. మా యొద్దకు ఒక యువతిని చేతులపై మోసికొని వచ్చిరి. శస్త్రచికిత్సయై మూడవ నెల. రెండు వారములుగా వాంతులు. ఆపరేషన్ అయినవారికి ఇది మామూలేనని యింటివారు ఓర్చుకొనిరి. ఊరిలో ఒక వైద్యుడు వరుసగా గ్లూకోజు సీసాలు ఎక్కించెను. ఆమెకు ఒకటి రెండుగా కనబడుచున్నది, నిలబడినచో తూలుచున్నది, అడిగినదానికి పొంతన లేని మాట చెప్పుచున్నది. ఇది పక్షవాతము కాదు, కుట్టులోని దోషము కాదు. థయమిన్ అను విటమిను, అనగా బి1, అడుగంటినది.

శరీరము థయమినును రెండు మూడు వారములకు మించి నిలువచేసికొనలేదు. తిండి తగ్గి, తిన్నది వాంతియై పోవుచున్నచో ఆ నిలువ త్వరలోనే హరించును. మొదట పాదములు మొద్దుబారును, కాళ్లు బలహీనపడును. తరువాత చూపు, నడక, జ్ఞాపకము చెడును. ఇట్టి స్థితిలో గ్లూకోజు ఎక్కించుట మంటలో ఎండుటాకులు వేయుటయే. గ్లూకోజును శరీరము వినియోగించుకొనుటకు థయమిన్ కావలెను; మిగిలిన ఆ కాస్తయు దానికే ఖర్చగును. కనుక మొదట థయమిన్ సూది, ఆ తరువాత గ్లూకోజు. ఈ వరుస తప్పరాదు. ఆ యువతికి సూదిమందు పడిన కొలది దినములలోనే చూపు కుదుటపడినది. నడక కుదుటపడుటకు నెలలు పట్టినది. ఇంకను ఆలస్యమైనచో జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవుటయు కలదు.

ఆంధ్రదేశమునకు ఈ విటమిను లోపము క్రొత్త కాదు. ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి అను వ్యాధి ఒకప్పుడు పేరుమోసినది. మాల్కంసన్ అను మద్రాసు సైన్యపు వైద్యుడు 1835లో ఆ వ్యాధిపై ఒక గ్రంథమునే ప్రకటించెను. తెల్లగా మరపట్టిన పచ్చిబియ్యము తిను సీమలలో అది ప్రబలి, ఉప్పుడు బియ్యము తిను సీమలలో అరుదుగా నుండుటను తరువాతి పరిశోధకులు కనుగొనిరి. ధాన్యమును ఉడికించినప్పుడు పై పొరలోని థయమిన్ గింజలోనికి ఇంకుటయే దానికి కారణము. ఇట్టి పరిశోధనలకు నెలవైన కూనూరు ప్రయోగశాలయే 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ యను పేరు పొందినది. బీదవాని వ్యాధియని మనము మరచిన ఆ లోపమే, అధునాతన శస్త్రచికిత్స చేయించుకొన్నవారి యింట మరల తొంగిచూచుట చిత్రమే. రెండు దినములకు మించి వాంతులు ఆగనిచో, అది ఏ నెలయైనను, శస్త్రచికిత్స చేసిన చోటికి కబురు చేయవలెను. దూరపు ఊరిలో ఉన్నచో, "నాకు పొట్టకు ఆపరేషన్ అయినది; గ్లూకోజుకు ముందు థయమిన్ ఇండు" అని చెప్పవలెను. నోట చెప్పలేని స్థితి రావచ్చును గనుక, ఈ మాటను కాగితముపై వ్రాసి, జరిగిన శస్త్రచికిత్స పేరు, తేదీతో సహా, సంచిలో ఉంచుకొమ్మని అందరికిని చెప్పుచున్నాము. "ఒక సీసా ఎక్కించండి, ఓపిక వచ్చును" అని అడిగి మరీ ఎక్కించుకొను అలవాటు మన పల్లెలలోను పట్టణములలోను ఎంతగా నాటుకొన్నదో తెలిసినవారికి ఈ కాగితపు విలువ తెలియును.

విటమినుల మాత్రలు ఆరు నెలలకో సంవత్సరమునకో కాదు, బ్రతికినంత కాలము. అన్ని విటమినులు కలిసిన మాత్ర, కాల్షియం, డి విటమిను, ఇనుము, బి12 మాత్రగా గాని నెలకొక సూదిగా గాని. కాల్షియమును ఇనుమును ఒకే వేళ మ్రింగినచో ఒకదానినొకటి అడ్డుకొనును. రెండు గంటల ఎడము ఉండవలెను. ఇనుము మాత్రను కాఫీతో మ్రింగువారు మాత్రను వృథా చేసినట్లే. మొదటి సంవత్సరము అందరును శ్రద్ధగా వత్తురు. బరువు దిగుచుండును, చూచినవారు మెచ్చుకొనుచుందురు. రెండవ సంవత్సరమున సగమై, మూడవ యేట కనబడరు. బి12 నిలువలు హరించి చేతులకు తిమ్మిరి యెక్కుట, ఎముకలు పలుచబడుట సరిగా అప్పుడే ఆరంభమగును. మూడవ నెలనుండి ఆరవ నెల వరకు జుట్టు రాలుట మాత్రము చాలమందికి కలుగును. మాంసకృత్తులు, ఇనుము సరిగా నున్నచో తిరిగి మొలచును. అప్పుడు బెంబేలెత్తి నూనెలపై ధనము తగులబెట్టనక్కరలేదు.

మరికొన్ని విషయములు త్వరగా చెప్పెదము. బైపాస్ అయినవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలను వాడరాదు. అతుకు చోట పుండు పడును. మద్యము మునుపటికంటె త్వరగాను ఎక్కువగాను తలకెక్కును. తిండి వ్యసనము పోయి త్రాగుడు పట్టుకొన్నవారు కలరు. వేగముగా బరువు తగ్గువారికి పిత్తాశయములో రాళ్లు ఏర్పడును గనుక ఆరు నెలలు దానికొక మందు ఇత్తురు. స్త్రీలు పండ్రెండు నుండి పదునెనిమిది నెలలు గర్భము ధరింపరాదు. బరువు తగ్గినకొలది గర్భము సులభముగా నిలుచును. పిల్లలు లేరని ఏండ్లుగా బెంగపడినవారు ఈ హెచ్చరికను విని నవ్వుదురు, మూడు నెలలకు తిరిగి వచ్చి కంగారుపడుదురు. బైపాస్ తరువాత గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చును. వేరొక మార్గమును వైద్యురాలిని అడుగవలెను.

బరువు మెట్లు దిగినట్లు దిగును. మూడు వారములు కదలక నిలిచి, మరల దిగును. రెండేండ్లకు ఒక చోట ఆగి, తరువాత కొంత తిరిగి పెరుగుట సాధారణమే. అది ఓటమి కాదు. పెరుగుదల ఎక్కువైనచో తిరిగి రావలెను. 2025లో మన విపణికి వచ్చిన టిర్జెపటైడ్ వంటి వారపు సూదిమందులు అట్టివారికి తోడ్పడవచ్చును. సిగ్గుపడి దాగికొనుట మాత్రము పనికిరాదు. చర్మము వ్రేలాడుట చాలమందిని కలతపెట్టును. కొంత వయసును బట్టి, కొంత తగ్గిన బరువును బట్టి. బరువు స్థిరపడిన తరువాతనే దానికి వేరు చికిత్సను ఆలోచింపవలెను.

పండుగలు, పెండ్లిండ్ల మాట. మొదటి సంవత్సరమున నీరు సైతము ముట్టని ఉపవాసములు, ఏకాదశియైనను రంజానైనను, వైద్యుని అడుగక చేయరాదు. పెండ్లికి తప్పక పోవచ్చును. బయలుదేరుటకు ముందు ఇంట ఒక గ్రుడ్డో, ఒక కప్పు పెరుగో తిని పోవుట మంచిది. పంక్తిలో కూర్చున్నప్పుడు మొదట ముద్దపప్పును, పనీరు గాని వేపుడు కాని చేప గాని ఉన్నచో దానిని తిని, పులిహోర ఒక ముద్ద రుచి చూడవచ్చును. నీళ్ల గ్లాసును ప్రక్కవారి వైపు జరుపవలెను. లడ్డు విస్తరిలో పడకముందే చేయి అడ్డము పెట్టవలెను. పడిన తరువాత వదలుట కష్టము. వడ్డించువారు బంధువులైనచో రెండవసారియు వత్తురు. అప్పుడు ప్రక్కనున్న భార్యయో అన్నగారో, "ఆయనకు ఇక చాలునండీ, నాకు వేయుడు" అని తమ విస్తరిని చూపవలెను.